మనిషి కన్ను పడేలోపు: ఓపెన్ సోర్స్ రివ్యూలో లింటర్లు

దసరా దాటిందంటే మా పెనుబల్లి చుట్టుపక్కల రోడ్లన్నీ పత్తి ట్రాక్టర్లే. వి.ఎం. బంజర్ సెంటర్లో టీ గ్లాసు పట్టుకుని నిలబడితే ఒకదాని వెనక ఒకటి పోతూనే ఉంటాయి. టార్పాలిన్ అంచుల్లోంచి జారిన తెల్లటి పీచు రోడ్డు పక్క తుమ్మచెట్లకు అంటుకుని ఉంటుంది. కొనుగోలు కేంద్రంలో బండి ఆగాక మొట్టమొదటి పని తేమ మీటరు గుచ్చడం. భారత పత్తి సంస్థ లెక్క ప్రకారం తేమ 8 శాతం లోపుంటే పూర్తి మద్దతు ధర. 8 దాటి 12 దాకా పెరిగేకొద్దీ ధరలో కోత. 12 దాటితే కొనరు. అనుమానమొస్తే రైతు ఇంకోచోట గుచ్చి చూడమంటాడు. ఆ అంకె తేలాకే కొనేవాడు పత్తిలో చెయ్యి పెడతాడు. పింజను వేళ్ల మధ్య లాగి పొడవు చూస్తాడు, రంగు చూస్తాడు, పురుగు తిన్న కాయల పత్తి కలిసిందేమో వెతుకుతాడు. ఇవి మీటరుకు తెలిసే సంగతులు కావు.

జిన్నింగ్ మిల్లులో గింజ నుంచి విడదీసిన దూదిని వ్యాపారులు లింటు అంటారు. బట్టకు అంటుకునే నూగు పీచుకీ ఇంగ్లిషులో అదే మాట. 1978లో అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో స్టీఫెన్ జాన్సన్ సీ భాషలో రాసిన ప్రోగ్రాములను తనిఖీ చేసే ప్రోగ్రామ్ ఒకటి రాసి దానికి లింట్ అని పేరు పెట్టారు. కంపైలర్ ఒప్పుకున్నా అనుమానంగా కనబడే చోట్లను అది ఏరి చూపించేది, ఉతికిన చొక్కా మీద పీచు ఏరినట్టు. మిల్లులో లింటు దాచుకునే సరుకు, కోడ్‌లో లింటు తీసేసే చెత్త. ఈ తేడా తెలిసిన రోజు నాకు చాలా నచ్చింది. మరుసటి ఏడాది ఏడో వెర్షన్ యూనిక్స్‌తో పాటు అది బెల్ ల్యాబ్స్ దాటి బయటికొచ్చింది. అప్పటి నుంచి ఇలాంటి పనిముట్లన్నిటికీ లింటర్లనే పేరు స్థిరపడింది. జావాస్క్రిప్ట్‌కు 2002లో డగ్లస్ క్రాక్‌ఫర్డ్ జేఎస్‌లింట్ రాశారు, 2013లో నికొలస్ జకాస్ ఈఎస్‌లింట్ మొదలుపెట్టారు. పైథాన్‌కు పైలింట్, ఫ్లేక్8 ఉన్నాయి, ఇప్పుడు రఫ్ కూడా వచ్చింది. షెల్ స్క్రిప్టులకు షెల్‌చెక్, రస్ట్‌కు క్లిప్పీ ఉన్నాయి. ఖాళీలు, కామాలు సర్దడం మాత్రమే చేసే గోఫ్‌మట్, ప్రెటియర్, బ్లాక్ లాంటివాటిని ఫార్మాటర్లంటారు. అవి తప్పు చూపించి ఊరుకోవు, తామే దిద్దేస్తాయి. చివరికి ఫాంట్లకు కూడా ఒక లింటర్ ఉంది. సిలికానాంధ్ర విడుదల చేసిన మండలి, రామభద్ర, సురవరం లాంటి తెలుగు ఫాంట్లు కనబడే గూగుల్ ఫాంట్స్‌లోకి ఫాంట్ చేరాలంటే ఫాంట్ బేకరీ లాంటి తనిఖీ దాటాలి.

లింటర్ మంచిదా కాదా అన్న చర్చ ఎప్పుడో ముగిసింది. ఇప్పుడు తేలాల్సింది ఒక ఓపెన్ సోర్స్ ప్రాజెక్టుకు ఎవరో, ఎక్కడినుంచో, జీతం లేకుండా ఒక ప్యాచ్ (కోడ్‌లో మార్పు) పంపినప్పుడు లింటర్ ఎక్కడ నిలబడాలి, ఎంత మాట్లాడాలి, ఎప్పుడు నోరు మూసుకోవాలి అన్నది. సత్తుపల్లి, కల్లూరుల మధ్య ఒక ఊళ్లో కూర్చుని ప్యాచ్‌లు పంపేవాడిగా ఇది నాకు దగ్గరి విషయం.

తెలుగువాళ్లకు బాగా తెలిసిన ఓపెన్ సోర్స్ పని ఏదంటే తెలుగు వికీపీడియానే. 2003 డిసెంబరులో మొదలైంది. అందులో వ్యాసాలు రాసేవాళ్ల గురించి చాలామందికి తెలుసు గానీ దాన్ని నడిపే మీడియావికీ అనే సాఫ్ట్‌వేర్ లోపలి రివ్యూ పద్ధతి గురించి తెలిసినవాళ్లు తక్కువ. ఆ పద్ధతి వివరంగా చెప్పదగ్గది. మీడియావికీ కోడ్ 2012 మార్చిలో గెరిట్ అనే రివ్యూ వ్యవస్థకు మారింది. ప్రపంచంలో ఎవరైనా అక్కడ ఖాతా తెరిచి మార్పు పంపొచ్చు. పంపిన కొద్ది నిమిషాల్లో జెంకిన్స్-బాట్ అనే యంత్ర సభ్యుడు దాన్ని అందుకుంటుంది. పీహెచ్‌పీ భాగాన్ని కోడ్‌స్నిఫర్‌తో, జావాస్క్రిప్ట్ భాగాన్ని ఈఎస్‌లింట్‌తో తనిఖీ చేసి, పరీక్షలు నడిపి తన ఓటు వేస్తుంది. గెరిట్‌లో ఓట్లకు రెండు గళ్లు ఉంటాయి. ‘వెరిఫైడ్’ అనే గడి యంత్రానిది. ‘కోడ్-రివ్యూ’ అనే గడి మనుషులది, మైనస్ 2 నుంచి ప్లస్ 2 దాకా. అధికారమున్న మనిషి ప్లస్ 2 పెడితే యంత్రం చివరిసారి అన్నీ చూసుకుని కోడ్‌ను కలిపేస్తుంది. యంత్రం ఎంత మెచ్చుకున్నా మనిషి ప్లస్ 2 లేకుండా ప్యాచ్ లోపలికి పోదు.

ఈ రెండు గళ్ల పద్ధతి నాకు కొనుగోలు కేంద్రాన్ని గుర్తుచేస్తుంది. యంత్రం మాట, మనిషి మాట వేరువేరుగా నమోదవుతాయి. చాలా ప్రాజెక్టుల్లో ఈ గీత చెరిగిపోయి ఉంటుంది. రివ్యూ చేసే మెయింటెయినర్ ‘ఇక్కడ ఒక ఖాళీ ఎక్కువైంది’, ‘ఈ కామా తర్వాత లైను మార్చండి’ అని పది వ్యాఖ్యలు రాసి, పదకొండోది రాసే ఓపిక లేక వెళ్లిపోతాడు. అసలు చూడాల్సిన ప్రశ్న ఆ పదకొండో వ్యాఖ్యలో ఉండేది. ఈ ఫంక్షన్ ఇక్కడ ఉండాలా, రేపు ఇద్దరు ఒకేసారి సేవ్ చేస్తే ఏమవుతుంది అన్నది. ఓపిక కూడా ఒక నిల్వే, వాడితే అయిపోతుంది. లింటర్‌ను మనిషికంటే ముందు నిలబెట్టడానికి నాకు కనబడే అసలు కారణం ఈ ఓపికను కాపాడటమే.

మీడియావికీలో ఇంకో చిన్న లింటర్ ఉంది. పేరు బనానా చెకర్. దాని పని తెలిసినప్పటి నుంచి లింటర్ల మీద నా అభిప్రాయమే మారింది. తెర మీద కనబడే ప్రతి మాటనూ ప్రోగ్రామర్ ఇంగ్లిషు ఫైల్లో రాస్తాడు. దాని పక్కనే క్యూక్యూక్యూ అనే లేని భాష పేరుతో ఇంకో ఫైలు ఉంటుంది. అందులో ఏ భాషా ఉండదు, వివరణ ఉంటుంది. ఈ మాట ఎక్కడ కనబడుతుంది, బటన్ మీదా, శీర్షికలోనా, ఇందులోని ‘$1’ స్థానంలో ఏమొస్తుంది అన్న వివరాలు. ఇంగ్లిషులో మాట చేర్చి క్యూక్యూక్యూలో వివరణ రాయకపోతే బనానా చెకర్ ప్యాచ్‌ను ఆపుతుంది.

దీనివల్ల మనకేంటి లాభం? ఇంగ్లిషులో ‘ఓపెన్’ అని ఒక్క మాట ఉందనుకోండి. బటన్ అయితే ‘తెరువు’. స్థితి అయితే ‘తెరిచి ఉంది’. ఏదో ఫిర్యాదు జాబితాలో అయితే ‘ఇంకా పరిష్కారం కాలేదు’. ‘వ్యూ’ అంటే ‘చూడు’ కావచ్చు, ‘వీక్షణ’ కావచ్చు. వివరణ లేకపోతే ట్రాన్స్‌లేట్‌వికీ అనే అనువాదాల సైటులో కూర్చున్న తెలుగు అనువాదకుడు ఊహించి రాయాలి. ఊహ తప్పితే ఆ తప్పు లక్షలమంది తెర మీద కనబడుతుంది. తెలుగు ఒక్క ముక్క రాని ప్రోగ్రామర్ చేత, ఎక్కడో బెర్లిన్‌లోనో శాన్‌ఫ్రాన్సిస్కోలోనో, తెలుగు అనువాదకుడి కోసం రెండు వాక్యాలు రాయిస్తున్నది ఈ బుల్లి లింటర్. మర్యాదగా అడిగితే మర్చిపోయే పనిని ప్రతిసారీ గుర్తుచేసి చేయిస్తుంది. ఖాళీలూ కామాలూ చూసే నియమాలకంటే ఇలాంటి నియమం వెయ్యి రెట్లు విలువైనదని నా నమ్మకం. లింటర్‌లో ఏ నియమం పెట్టాలి అన్న ప్రశ్నకు నేనిచ్చే జవాబు ఇదే. ఎదురుగా లేని మనిషి తరఫున మాట్లాడే నియమం ముందు పెట్టండి.

అనువాదాల్లో ఇంకో తనిఖీ ఉంది. అది మన వాక్యం నడకతో ముడిపడినది. సీ భాష ప్రోగ్రాముల్లో మాటల మధ్య % గుర్తు పక్కన ‘డి’ ఉంటే అక్కడ అంకె వస్తుందని, ‘ఎస్’ ఉంటే పదం వస్తుందని అర్థం. ఇంగ్లిషు వాక్యంలో ముందు ఫైళ్ల సంఖ్య, తర్వాత ఫోల్డరు పేరు. తెలుగులో ఫోల్డరు ముందు రావాలి: ‘ఫలానా ఫోల్డరులో 12 ఫైళ్లు’. అనువాదకుడు తన భాష నడకను నమ్మి రెండిటినీ తారుమారు చేస్తే, ప్రోగ్రామ్ 12 అనే అంకెను ఒక మెమరీ చిరునామా అనుకుని అక్కడికి వెళ్లి పడిపోతుంది. తెలుగు వాక్యం తప్పు లేదు, తెలుగు వాడే మనిషి దగ్గర మాత్రమే ప్రోగ్రామ్ కూలుతుంది. గ్నూ గెట్‌టెక్స్ట్‌లోని ఎంఎస్‌జీఎఫ్ఎంటీ అనే పనిముట్టును తనిఖీ ఆప్షన్‌తో నడిపితే దీన్ని అక్కడికక్కడే పట్టేస్తుంది. విరుగుడు కూడా ఉంది. ఏది మొదటిది, ఏది రెండోదో అంకెలు వేసి చెబితే మన వరసలోనే రాసుకోవచ్చు. 2005లో మొదలైన స్వేచ్ఛ సంస్థలో, గ్నోమ్‌లో, ఫైర్‌ఫాక్స్‌లో తెలుగు చేసినవాళ్లు ఇలాంటి తనిఖీల మధ్యే పనిచేశారు. అదే కోవలో ట్రాన్స్‌లేట్ టూల్‌కిట్‌లోని పీఓఫిల్టర్‌కు ఇంగ్లిషు మాట పెద్దక్షరంతో మొదలైతే అనువాదమూ అలాగే మొదలైందా అని చూసే తనిఖీ ఉంది. మనకు పెద్దక్షరాలే లేవు. ఆ నియమం మన భాషకు ఆపేయాలి. ఒకే నియమం అందరికీ న్యాయం చెయ్యదు.

తెలుగు వికీపీడియా లోపల కూడా లింటర్ ఉంది, కోడ్‌కు కాదు, వ్యాసాల్లోని మార్కప్‌కు. మూయకుండా వదిలేసిన ట్యాగులు, కాలం చెల్లిన ఫాంట్, సెంటర్ ట్యాగులు, సరిగా అల్లుకోని పట్టికలు, వీటన్నిటినీ ఒక ప్రత్యేక పేజీలో రకాలవారీగా చూపిస్తుంది. 2018 జులైలో వికీపీడియాలన్నిటిలో టైడీ అనే పాత సాధనాన్ని తీసేశారు. ఆ సాధనం అంతవరకూ ఇలాంటి తప్పులను చాటుగా సర్దేస్తూ వచ్చింది. అది పోతే సర్దుబాటు పోతుంది కాబట్టి ముందే లింటర్ పెట్టి, ఏ పేజీలు చెడిపోతాయో ఆయా భాషల వాళ్లకు చూపించారు. ఈ మార్పు జరిగిన తీరు నాకు ఆదర్శంగా కనబడుతుంది. తనిఖీ ముందు వచ్చింది, గడువు తర్వాత వచ్చింది, మధ్యలో దిద్దుకునే సమయం దొరికింది.

లింటర్ హెచ్చరిక మనిషికి ఎప్పుడు చేరాలి అన్న దానిమీద గట్టి సాక్ష్యం ఫేస్‌బుక్ నుంచి వచ్చింది. వాళ్ల ఇన్‌ఫర్ అనే విశ్లేషకం ఓపెన్ సోర్సే. మొదట దాన్ని మొత్తం కోడ్ మీద విడిగా నడిపి, దొరికిన తప్పుల జాబితాను ప్రోగ్రామర్లకు పంచారు. దాదాపు ఎవరూ ముట్టుకోలేదు. అదే విశ్లేషణను ప్యాచ్ రివ్యూకు వచ్చిన క్షణంలో, ఆ ప్యాచ్ మీదే వ్యాఖ్యలుగా పెట్టగానే దిద్దుబాటు 70 శాతం దాటింది. 2019లో వాళ్లే రాసిన లెక్క ఇది. ప్రోగ్రామ్ మారలేదు, మనుషులు మారలేదు, హెచ్చరిక చేరిన వేళ మారింది. ఆ కోడ్ ఇంకా రాసినవాడి బుర్రలో వేడిగా ఉన్నప్పుడే మాట చేరాలి. గూగుల్ తన ట్రైకార్డర్ అనే వ్యవస్థలో ఇంకో కొలత పెట్టుకుంది. హెచ్చరిక సాంకేతికంగా నిజమేనా అని కాకుండా, దాన్ని చూసిన ప్రోగ్రామర్ ఏదైనా చేశాడా లేదా అని చూస్తారు. పది హెచ్చరికల్లో ఒకటి కంటే ఎక్కువ పనికిరానివిగా తేలితే ఆ తనిఖీని బాగుచేసేదాకా పక్కన పెడతారు. సొంత నియమాలు రాసుకునే ప్రతి చిన్న ప్రాజెక్టూ ఈ అలవాటు చేసుకోవాలి. నమ్మకం పోయిన హెచ్చరిక ఊళ్లో ఊరికే మోగే సైరన్ లాంటిది, నిజంగా మంటలొచ్చిన రోజు కూడా ఎవరూ లేవరు.

నా మొదటి ప్యాచ్ సంగతి చెప్పాలి. ప్రాజెక్టు పేరు అక్కర్లేదు. తేదీ చూపించే చోట ఒక చిన్న తప్పు, మూడు లైన్లు మార్చాను. పంపిన వెంటనే 43 ఎర్రర్లు. ఒక్కటీ నా మూడు లైన్లలోది కాదు. నా ఎడిటర్ ఆ ఫైలు చివర ఖాళీలను సర్దేసింది. లింటర్ ఆ ఫైలంతా నాదేనన్నట్టు పాత తప్పులన్నీ నా పేరు మీద రాసింది. పక్కన ఎర్రటి గుర్తు. రెండు రోజులు దాన్ని తెరవడానికే మొహమాటపడ్డాను. పట్నంలో ఆఫీసులో ఉంటే పక్క కుర్చీలో వాణ్ని అడిగేవాణ్ని. ఇక్కడ లంకసాగర్ కట్ట మీద నడుస్తూ నన్ను నేనే ప్రశ్నించుకున్నాను. మనిషి ఎవరూ ఒక్క మాట అనలేదు, యంత్రం ఒక్కటే అంది, అయినా పరువు పోయినట్టే అనిపించింది. మూడో రోజు ఒక మెయింటెయినర్ వచ్చి ‘ఆ ఎర్రర్లు మీవి కావు, పాతవి, మీ మూడు లైన్లే పంపండి, మార్పు బావుంది’ అని రాశారు. ఆయన ఆ ఒక్క వాక్యం రాయకపోతే నేనిప్పుడు ఈ వ్యాసం రాసేవాణ్ని కాదేమో.

ఆ అనుభవంతో రెండు సంగతులు గట్టిగా చెప్పగలను. మొదటిది, లింటర్ మార్చిన లైన్ల మీదే మాట్లాడాలి. పాత కోడ్‌ను శుభ్రం చేయాలంటే అది ప్రాజెక్టు వాళ్లు ఒక రోజు కూర్చుని విడిగా, ఒకే కమిట్‌లో చేసుకోవాల్సిన పని. అలా చేస్తే ప్రతి లైనూ ఎవరు రాశారో చెప్పే చరిత్ర చెడిపోతుందన్న భయం ఒకప్పుడు ఉండేది. 2019 ఆగస్టులో వచ్చిన గిట్ 2.23 నుంచి అలాంటి కమిట్లను లెక్కలోకి తీసుకోవద్దని చెప్పొచ్చు కాబట్టి ఆ సాకు ఇక చెల్లదు. రెండోది, సర్వర్ మీద నడిచే ప్రతి తనిఖీ రాసేవాడి సొంత లాప్‌టాప్‌లో, అదే వెర్షన్‌తో, ఒకే కమాండ్‌తో నడవాలి. ప్రీ-కమిట్ లాంటి సాధనాలు ఈ పనికే ఉన్నాయి. మాకు ఇక్కడ కరెంటు పోయి ఫోన్ హాట్‌స్పాట్ మీద పనిచేసే సాయంత్రాలుంటాయి. పంపడం, పది నిమిషాలు ఆగడం, ఒక కామా దిద్దడం, మళ్లీ పంపడం అనే తిరుగుడు పట్నంలో చిరాకు, ఇక్కడ ఒక రోజు పని.

లింటర్ వల్ల కొత్తవాళ్లు భయపడి పారిపోతారని వాదించేవాళ్లున్నారు. నా అనుభవం ఒక సగం వాళ్లవైపే ఉంది. మిగతా సగం ఇది: ఇంగ్లిషు తడబడుతూ రాసే కుర్రాడికి పదిమంది ముందు మనిషి చెప్పే పది దిద్దుబాట్లకంటే యంత్రం చెప్పే పది దిద్దుబాట్లు తేలిక. యంత్రానికి ఊరూ పేరూ తెలియదు. పేరు మోసిన మెయింటెయినర్‌కూ అదే నియమం, పెనుబల్లి పిల్లవాడికీ అదే నియమం. హెచ్చరికలో ‘తప్పు’ అని ఊరుకోకుండా ఎందుకు తప్పో, ఎలా దిద్దాలో చెప్పాలి. షెల్‌చెక్‌లో ప్రతి హెచ్చరికకూ ఒక సంఖ్య, ఆ సంఖ్యకు ఒక పూర్తి పేజీ వివరణ ఉంటాయి. నేను షెల్ నేర్చుకున్నదే ఆ పేజీల్లో.

నియమాల మీద మనుషుల మధ్య తగువులు కొత్తేం కాదు. లినక్స్ కెర్నెల్‌లో లైనుకు 80 అక్షరాలు దాటకూడదన్న పాత నియమాన్ని 2020 మేలో సడలించారు. చెక్‌ప్యాచ్ అనే వాళ్ల తనిఖీ సాధనం హెచ్చరించే హద్దు 100కు పెరిగింది. లైను విరగ్గొట్టి కోడ్‌ను చదవలేనట్టు చేసేకంటే కాస్త పొడవు మేలని లైనస్ టోర్వాల్డ్స్ అభిప్రాయం. చెక్‌ప్యాచ్ చెప్పిందల్లా శాసనం కాదని, సొంత విచక్షణ వాడమని కెర్నెల్ పత్రాల్లోనే రాసి ఉంటుంది. ఆ విచక్షణ వదిలేస్తే ఏమవుతుందో డెబియన్ అనే లినక్స్ పంపిణీ చూసింది. 2006లో ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ ప్యాకేజీలో, మొదలుపెట్టని మెమరీని వాడుతున్నారని వాల్‌గ్రైండ్ హెచ్చరించింది. అది లింటర్ కాదు, ప్రోగ్రామ్ నడుస్తుండగా మెమరీని గమనించే సాధనం, కానీ పాఠం ఒకటే. హెచ్చరిక పోవాలని రెండు లైన్లు తీసేశారు. అందులో ఒకటి తాళాలకు కావాల్సిన యాదృచ్ఛికతను కలిపే లైను. ఫలితంగా రహస్య తాళాలు తయారయ్యేటప్పుడు ప్రాసెస్ సంఖ్య ఒక్కటే మిగిలింది, అంటే ఒక్కో రకానికి దాదాపు 32 వేల తాళాలే సాధ్యం. 2008 మేలో లూచియానో బెల్లో కనిపెట్టేదాకా రెండేళ్లు ఎవరికీ తెలియలేదు. హెచ్చరిక పోయింది, తాళం కూడా పోయింది.

దీనికి పూర్తి తిరగబడ్డ కేసు 2014 ఫిబ్రవరిలో ఆపిల్‌ది. సురక్షిత కనెక్షన్ తనిఖీలో ‘గోటూ ఫెయిల్’ అనే లైను పొరపాటున రెండుసార్లు పడింది. రెండోది ఏ షరతుకూ లోబడకుండా ఎప్పుడూ నడిచి, సంతకం తనిఖీనే దాటేసింది. ఆ లైను కింద కోడ్ ఎప్పటికీ నడవదని చెప్పగల హెచ్చరిక కంపైలర్‌లో ఉంది, మామూలు సెట్టింగుల్లో అది ఆపి ఉంటుంది. లైను ముందు ఖాళీలు ఒకటి చెబుతూ కోడ్ ఇంకోటి చేస్తుంటే పట్టుకునే హెచ్చరిక 2016లో జీసీసీ 6లో వచ్చింది. అలసిన మనిషి కన్ను ఒకే లైను రెండుసార్లు ఉండటాన్ని ఇట్టే జారవిడుస్తుంది. యంత్రం కన్ను జారవిడవదు.

ఇంకో సంగతి కూడా అందరికీ తెలిసొచ్చింది. లింటర్ కూడా ఒక ప్రోగ్రామే, దాన్ని కూడా ఎవరో రాశారు, దాన్ని కూడా ఎవరో దొంగిలించగలరు. 2018 జులైలో ఈఎస్‌లింట్‌కు చెందిన ఈఎస్‌లింట్-స్కోప్ ప్యాకేజీలో, ఒక మెయింటెయినర్ ఖాతా చేజిక్కించుకున్నవాళ్లు, వాడుకరుల లాగిన్ టోకెన్లు దోచే కోడ్ పెట్టారు. 2025 మార్చిలో, లింటర్ ఫలితాలను రివ్యూ వ్యాఖ్యలుగా పెట్టే రివ్యూడాగ్ అనే సాధనం తాలూకు యాక్షన్‌కు అదే గతి పట్టింది. అందుకే తనిఖీ నడిచే చోట ప్రాజెక్టు రహస్య తాళాలు ఉంచకూడదు, సాధనం వెర్షన్‌ను గట్టిగా బిగించి ఉంచాలి. కాపలావాడి చేతికి ఇంటి తాళాలు ఇవ్వనవసరం లేదు.

ఇక మన లిపి దగ్గరకొద్దాం. నాకు మనసుకు దగ్గరైన భాగం ఇదే. లింటర్లు ఎక్కువగా ఇంగ్లిషు అక్షరాల కొలతతో తయారయ్యాయి. పైథాన్‌లో లైనుకు 79 అక్షరాల నియమం తీసుకోండి. ‘స్త్రీ’ మన కంటికి ఒక్క అక్షరం. యూనికోడ్‌లో అది స, పొల్లు, త, పొల్లు, ర, దీర్ఘం, మొత్తం ఆరు. ఫ్లేక్8 లాంటి లింటర్ ఆరు లెక్కపెడుతుంది. తెర మీద సగం లైను కూడా రాని తెలుగు వాక్యాన్ని ‘లైను పొడవైంది’ అని కొడుతుంది. మన సున్నా గుర్తు ‘ం’ చూడటానికి ఇంగ్లిషు ‘ఓ’ అక్షరంలా ఉంటుందని యూనికోడ్ వాళ్ల మోసపూరిత పోలికల జాబితాలో ఉంది. ఆ జాబితాను గుడ్డిగా వాడితే అసలైన తెలుగు మాట కూడా అనుమానితుల వరసలో నిలబడుతుంది.

అన్నిటికంటే కష్టం కనబడని అక్షరం. ‘సాఫ్ట్‌వేర్’ అని రాసినప్పుడు ట, వ ల మధ్య జీరో విడ్త్ నాన్ జాయినర్ అనే కనబడని గుర్తు ఉంటుంది. అది తీసేస్తే ‘సాఫ్ట్వేర్’ అవుతుంది, వ కారం కూడా ట లాగే ఫ కింద వత్తుగా చేరిపోతుంది. మనకు అరువు మాటలున్నంత కాలం ఈ గుర్తు కావాలి. ఇదే గుర్తుకు చెడ్డపేరు కూడా ఉంది. 2018 ఫిబ్రవరిలో ‘జ్ఞా’ అక్షరం ఐఫోన్లను కూల్చిందని ప్రపంచమంతా చెప్పుకుంది గుర్తుందా? మామూలు ‘జ్ఞా’ కూల్చలేదు. జ్ఞ కు, దీర్ఘానికి మధ్య ఈ కనబడని గుర్తు ఇరుక్కున్న వరస కూల్చింది. తప్పు ఆపిల్ అక్షరాలు పేర్చే కోడ్‌ది, ఫిబ్రవరి 19న ఐఓఎస్ 11.2.6తో దిద్దారు. పేరు మాత్రం తెలుగుకు వచ్చింది. 2021లో కేంబ్రిడ్జ్ విశ్వవిద్యాలయం నుంచి నికొలస్ బౌచర్, రాస్ ఆండర్సన్ ఇంకో ప్రమాదం చూపించారు. అరబిక్, హీబ్రూల కోసం ఉన్న దిశ మార్చే కనబడని గుర్తులతో, రివ్యూ చేసే మనిషికి ఒక కోడ్ కనబడి కంపైలర్‌కు ఇంకో కోడ్ వెళ్లేలా చేయొచ్చని. ట్రోజన్ సోర్స్ అని దానికి పేరు. మనిషి ఎంత జాగ్రత్తగా చూసినా పట్టలేని తప్పు ఇది, లింటర్ లాంటి యంత్రమే పట్టగలదు. పైలింట్ లాంటివి ఆ దిశ గుర్తులను, జీరో విడ్త్ స్పేస్‌ను పేరుపెట్టి పట్టుకుంటాయి, మన నాన్ జాయినర్ జోలికి రావు. జాగ్రత్తగా రాసిన నియమం అలా ఉంటుంది.

తొందరలో రాసిన నియమం ఇంకోలా ఉంటుంది. నేను అనువాదాలు పంపే ఒక ప్రాజెక్టులో ఎవరో కమిట్‌కు ముందు నడిచే చిన్న స్క్రిప్ట్ చేర్చారు. కనబడని అక్షరాలన్నిటినీ ఏరి పారేసేది అది. ఎర్రర్ ఇవ్వదు, తనే ‘దిద్దేస్తుంది’. తర్వాతి విడుదలలో తెలుగు తెరంతా ‘సాఫ్ట్వేర్’, ‘నెట్వర్క్’, ‘పాస్వర్డ్’. నేను రాసింది వాళ్ల దగ్గర సరిగానే ఉందనుకుని వారం రోజులు ఫాంటు తప్పనుకున్నాను. కోయ భాష పుస్తకాలు కూడా మన వైపు తెలుగు లిపిలోనే వస్తున్నాయి. భద్రాచలం అడవుల్లో పిల్లలు చదివే మాటలు కూడా రేపు ఇలాంటి స్క్రిప్ట్ కింద పడొచ్చు. తెలుగు రాని మనిషి రివ్యూలో దీన్ని పట్టుకోలేడు, ఆయన తప్పు కాదు. తెలుగువాళ్లం ఆ నియమాల ఫైల్లోకి వెళ్లి రాయాల్సిందే. అనువాదాలతో ఆగిపోతే సరిపోదని అప్పుడు అర్థమైంది.

ఏఐ రివ్యూ సహాయకుల గురించి ఒక మాట. అవి కోడ్ చదివి మనిషిలా వ్యాఖ్యలు రాస్తున్నాయి. కర్ల్ ప్రాజెక్టు నడిపే డేనియల్ స్టెన్‌బర్గ్ 2025లో రెండు వైపులా చూశారు. నిజం లేని ఏఐ నివేదికలతో విసిగిపోయారు, అదే ఏడాది ఏఐ సాధనాలతో వెతికినవాళ్లు ఇచ్చిన జాబితాలో నిజమైన తప్పులు దొరికి దిద్దారు. ఏఐ సహాయకులు లింటర్ స్థానంలోకి రావాలని మాత్రం నేననుకోను. లింటర్ ఇవాళ చెప్పిందే రేపూ చెబుతుంది. ఎందుకు చెప్పిందో నియమం పేరుతో చూపిస్తుంది. నచ్చకపోతే ఆ నియమం మీద వాదించి మార్పించవచ్చు. ఏఐ వ్యాఖ్య మనుషుల గడిలోకి సలహాగా రావచ్చు, ఓటు మాత్రం దానికి ఇవ్వకూడదు.

కనబడని అక్షరాలను పారేసే ఆ స్క్రిప్ట్ మీద నేను పంపిన ప్యాచ్ చిన్నదే. పారేసే జాబితా నుంచి నాన్ జాయినర్‌ను తీసేసి, దిశ గుర్తులను, జీరో విడ్త్ స్పేస్‌ను పేర్లతో ఉంచాను, దొరికితే చాటుగా దిద్దకుండా ఎర్రర్ ఇచ్చేలా మార్చాను. రివ్యూ చేసిన మెయింటెయినర్ ఒక్కటే అడిగారు, ‘రేపు ఇంకెవరో మళ్లీ మొదటికి తెస్తే మాకెలా తెలుస్తుంది, మేము తెలుగు చదవలేం కదా’ అని. సరైన ప్రశ్న. పరీక్షల ఫైల్లో ఒక లైను చేర్చాను. ‘సాఫ్ట్‌వేర్’ అనే మాట తనిఖీలోకి వెళ్లి ఒక్క గుర్తు కూడా తగ్గకుండా బయటికి రావాలి. ఆయన ప్లస్ పెట్టారు. ఇప్పుడు ఆ ప్రాజెక్టుకు ఏ దేశం నుంచి ఎవరు ఏ ప్యాచ్ పంపినా, మనిషి చూసేలోపే, యంత్రం ఒకసారి ఆ తెలుగు మాటను చదివి చూసుకుంటుంది.